లాభం తర్వాత

మునిగుడలో రైలు కదిలినప్పటి నుంచీ మన్మథరావు కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టే ఉన్నాడు గాని, అతని కళ్ళు రెండూ కూతురి మీదే ఉన్నాయి. ఎదురు సీట్లో కూర్చుంది నాగశ్రీ, ఒళ్ళో సర్టిఫికెట్ల సంచి, చెవుల వెనక ఇంకా తడి ఆరని జుట్టు, మొహంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే అతనికి మింగుడుపడటం లేదు. ఇంకాసేపట్లో రాయగడ వస్తుంది. కాలేజీలో కౌంటర్ దగ్గరి గుమాస్తా అడుగుతాడు, లెక్కలా బయాలజీయా అని. ప్లస్ టూ సైన్సులో సీటు వచ్చింది, అంతవరకు బాగానే ఉంది. ఆ ఒక్క ముక్క దగ్గరే కొన్నాళ్ళుగా ఇంట్లో ఎవరి అన్నం వాళ్ళు మాట్లాడకుండా తిని లేస్తున్నారు. అతను బయాలజీ అన్నాడు. ఆమె లెక్కలు అంది. పోనీ రెండూ తీసుకోవచ్చంట కదా, రెండూ తీసుకోవే అని అతనే ఒక మెట్టు దిగితే, వద్దు నాన్నా, లెక్కలొకటి సాలు అంది. గొంతు పెంచలేదు, తలుపు విసిరి వెయ్యలేదు, అన్నం మానలేదు. ఏడ్చిన పిల్లని ఓదార్చవచ్చు, అలిగిన పిల్లని బుజ్జగించవచ్చు, ఇలా నిబ్బరంగా వద్దన్న పిల్లని ఏం చెయ్యాలి? ఇంత నిబ్బరం పదో తరగతి పిల్లకి దానంతటదే రాదు. నిబ్బరంగా ఉన్నవాళ్ళ వెనక ఎవరో ఒకరుంటారు. ఎవరు?

మన్మథరావు అనుమానం మనిషని మునిగుడ బజారంతా అంటుంది. అతను దాన్ని తిట్టుగా తీసుకోడు. చింతపండు కొనేవాడికి అనుమానం లేకపోతే వాడు నీళ్ళు కొంటాడు, పిక్కలు కొంటాడు, అప్పుడప్పుడు రాళ్ళు కూడా కొంటాడు. బస్తా మూతి విప్పగానే కనిపించే పొర ఎప్పుడూ బంగారంలా ఉంటుంది, అందుకే అతను ఆ పొరని చూడనే చూడడు, మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగున వేళ్ళకి తగిలేదేమిటో చూస్తాడు. వాళ్ళ నాన్న ఆదిశేషు నేర్పిన విద్య అది. పార్వతీపురం వైపు పల్లెలోంచి చేతి సంచితో వచ్చి మునిగుడ స్టేషన్ ఎదురుగా కొట్టు పెట్టిన మనిషి. పైనున్నది ఆడు నీకు సూపించింది, అడుగునున్నది ఆడు దాసింది, దాసినదానికి రేటు కట్టరా అనేవాడు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఎవరైనా ఒక మాట చెప్పగానే మన్మథరావు చెయ్యి దానంతటదే ఆ మాట అడుక్కి వెళ్ళిపోతుంది. ఇప్పుడు నాగశ్రీ చెప్పిన మాట ఉంది చూశారూ, నాకు లెక్కలంటే ఇష్టం, అది పక్కా పైపొర. ఇష్టమంట. ఇష్టమైతే పకోడీ తింటారు, ఇష్టమైతే తిరునాళ్ళకి వెళతారు, ఇష్టమని ఎవరైనా లెక్కలు చేస్తారా? తనూ చిన్నప్పుడు లెక్కలు చేశాడు. దెబ్బలు తప్పించుకోవడానికి చేశాడు, తర్వాత కొట్టు కోసం చేశాడు. ఇష్టం అన్న మాట అడుగున తడి ఉంది. వేళ్ళకి తగులుతూనే ఉంది, ఏమిటో మాత్రం తెలియడం లేదు.

బయట మబ్బు పట్టింది. పొలాల్లో ఊడ్పులు సాగుతున్నాయి, ఆడవాళ్ళు నడుములు వంచి నాట్లు వేస్తున్నారు, గట్టు మీద ఒకామె గొడుగు పట్టుకుని నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. ఎవరితోనో. మన్మథరావు మెడ తిప్పుకున్నాడు, ఆమెని కూడా అనుమానించే తీరిక లేదివాళ. కొట్టు పక్కన షట్టర్ గది ఒకటి ఖాళీగా ఉంది. అది ఖాళీ కాదు, దానికొక ఉద్దేశం ఉంది. నాగశ్రీ బయాలజీ చదువుతుంది, తర్వాత ఫార్మసీ చదువుతుంది, ఆ షట్టర్ లేచి లోపల అద్దాల బీరువాలు, తెల్ల కోటు, పైన ఆకుపచ్చ ప్లస్ గుర్తుతో బోర్డు. మునిగుడలో జ్వరాలకేమీ లోటు లేదు. గోడకి ఇటు చింతపండు, అటు మందులు; మధ్యాహ్నం అతని భార్య కస్తూరి ఇద్దరికీ కలిపి ఒకటే క్యారేజీ పంపుతుంది. ఇది అతను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, చెబితే దిష్టి తగులుతుందని. బయాలజీ ఎక్కడికి వెళ్ళి ఆగుతుందో అతనికి తెలుసు, తన కొట్టు పక్కన ఆగుతుంది. లెక్కలు ఎక్కడ ఆగుతాయి? భువనేశ్వరంలోనా, విశాఖపట్నంలోనా, ఆ పైన ఇంకెక్కడోనా? ఎవరినడిగినా అబ్బో సానా ఉన్నాయండి అంటారే గాని ఒక్కడూ ఊరి పేరు చెప్పడు. చివర కనిపించని దారిలో పిల్లని ఎలా పంపుతాడు? అతనికి కోపంగా ఉందని ఇంట్లో అనుకుంటున్నారు. కోపం కాదు. భయం. ఆ మాట చెబితే చులకనైపోతాడని కోపంగా ఉన్నట్టే ఉంటున్నాడు.

మొదట అనుమానం వచ్చింది ట్యూషన్ మాస్టారి మీద. అమర్‌నాథ్ అని గుణుపూర్ కుర్రాడు, ఏదో మేడ మీద గది అద్దెకి తీసుకుని పిల్లలకి చెబుతాడు. లెక్కల పిల్లలు దొరికితే పట్నంలో కోచింగ్ వాళ్ళు మాస్టార్లకి ఏదో ముట్టజెబుతారని బజార్లో విన్నాడు. బజార్లో విన్నదంతా నిజం కాదని అతనికి తెలుసు, కాని వినకముందున్నట్టు ఉండలేం కదా. ఓ సాయంత్రం చెప్పకుండా మెట్లెక్కి వెళ్ళాడు. వెళ్ళి చూస్తే మాస్టారు బల్ల మీద కూర్చున్నాడు, చొక్కా నిండా సుద్ద. బోర్డు దగ్గర నాగశ్రీ నిలబడి ఉంది, ఆమె చేతిలో సుద్దముక్క. ఎవరు మాస్టారో ఎవరు శిష్యురాలో తెలియలేదు. అమర్‌నాథ్ గబుక్కున లేచి, రండి, కూర్చోండి, మీ అమ్మాయి నేను చెప్పినదేదీ ఊరికే ఒప్పుకోదండీ, పుస్తకంలో అచ్చేసి ఉన్నా ఒప్పుకోదు, ఎందుకో తేలేదాకా తల ఊపదు అన్నాడు నవ్వుతూ. మన్మథరావు అది ఫిర్యాదనుకున్నాడు. మెట్లు దిగుతూ, మాస్టారి మాట ఒప్పుకోని పిల్ల మాస్టారి మాట మీద లెక్కలెందుకు తీసుకుంటుంది అని ఒక ఆలోచన వచ్చింది గాని, అది తన అనుమానానికి అడ్డం వచ్చేలా ఉందని దాన్ని మెట్ల మీదే వదిలేశాడు. ఇప్పుడు రైల్లో అదే మళ్ళీ వచ్చి పక్కన కూర్చుంది.

తర్వాత రాకేష్. కరెంటాఫీసులో పనిచేసే ఆయన కొడుకు, నాగశ్రీ క్లాసువాడు, సైకిలు తొక్కుతూ కొట్టు ముందు నుంచి పోయేటప్పుడు ఎప్పుడూ తలొంచుకుని పోతాడు. తలొంచుకుని పోవడమెందుకు? పరీక్షల ముందు ఇంట్లో టేబుల్ మీదున్న ఫోన్‌కి మెసేజీలు వస్తే చూశాడు. రెండో లైను ఎలా వచ్చింది, అని రాకేష్. ఇచ్చింది ఏమిటో మళ్ళీ చూడు, అని నాగశ్రీ. అంతే. మన్మథరావుకి ఆ పూట కొట్లో కూర్చోబుద్ధి కాలేదు. ఇచ్చింది ఏమిటి? ఎవరిచ్చారు? ఎవరికిచ్చారు? కస్తూరిని అడిగితే ఆవిడ కూర కలుపుతూ, లెక్కండీ, లెక్కలో ఇచ్చింది, పిల్లలు లెక్కల్లో అలాగే మాటాడుకుంటారు అంది. కస్తూరికెలా తెలుసు లెక్కల్లో ఎలా మాట్లాడుకుంటారో? ఆఖరికి వాకబు చేస్తే తేలింది, రాకేష్ కామర్సు తీసుకున్నాడంట. లెక్కల జోలికే పోలేదు. మన్మథరావు కొంచెం ఊపిరి పీల్చుకుని, వెంటనే, కామర్సు తీసుకోవడం కూడా ఒక ఎత్తేమో, ఎవరికీ అనుమానం రాకుండా, అనుకున్నాడు. ఆ మాట అనుకున్నాక తనకే నవ్వొచ్చింది. నవ్వొచ్చినంత మాత్రాన అనుమానం పోదు.

బిస్సంకటక్‌లో రైలు ఆగినప్పుడు కస్తూరి ఫోన్ చేసింది. ఏవండి, పిల్లేటైనా తిందా, వాన పడుతోందా, అని రెండు ముక్కలు అడిగి, దానికోసారి ఇవ్వండి అంది. నాగశ్రీ ఫోన్ తీసుకుని కిటికీ వైపు తిరిగింది. ఊఁ అంది. ఊఁ ఊఁ అంది. తర్వాత గొంతు తగ్గించి, "లేదమ్మా, ఇంకా సెప్పలేదు. సెప్తాను. రాయగడ వచ్చేలోగా సెప్తాను," అంది. ఫోన్ తిరిగిచ్చేటప్పుడు తండ్రి కళ్ళలోకి చూడలేదు. అదీ సంగతి. మన్మథరావు గుండె ఒక్కసారి జారింది, ఆ జారడంలోనే, చూశావా నేనన్నది నిజమే అన్న ఒక దిక్కుమాలిన తృప్తి కూడా కలిగింది. తల్లీ కూతుళ్ళు ఒకటయ్యారు. ఇంకా చెప్పనిది ఒకటుంది. ఏమిటది? కస్తూరి మొన్నటి నుంచీ ఎందుకంత మెత్తగా ఉంది, నిన్న అతనికిష్టమని గుమ్మడికాయ పులుసు ఎందుకు పెట్టింది, పొద్దున్న బయల్దేరేటప్పుడు, దాని మాట కూడా ఇనండి అని ఎందుకంది? వినడానికి ఏముంది, చెబితే కదా. అడిగేద్దామని నోరు తెరిచాడు. అడిగితే పైపొర చెబుతుంది. బస్తా దానంతటదే విప్పుకునేదాకా ఆగాలి. నోరు మూసుకున్నాడు.

రైలు మళ్ళీ కదులుతుండగా నేరేడుపళ్ళ గంప నెత్తిన పెట్టుకుని ఒకామె ఎక్కింది, పెట్టెలో అటూ ఇటూ చూసి వీళ్ళ సీటు పక్కనే గంప దించింది. ఆమెని తవిటమ్మా అని పలకరించారు ఎవరో, ఈ రైల్లో రోజూ తిరిగే మనిషిలాగుంది. మన్మథరావుకి పళ్ళ మీద మనసు లేదు, కాని బేరమాడితే కాస్త కుదుటపడతాడు, అది అతనికి అలవాటు. మూడు డబ్బాలెయ్ అన్నాడు. తవిటమ్మ చిన్న రేకు డబ్బాతో ముంచి సంచిలో పోస్తూ, "లాబం," అంది. రెండోసారి ముంచి, "రెండు," అనబోతుంటే మన్మథరావు డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగెహె. లాబం లాబమే. ఒకటి ఇప్పుడెయ్."

"ఓలమ్మ, సావుకారివి, నాకాడేటి బాబూ నీ బేరం," అంటూనే తవిటమ్మ నవ్వి, ఒకటి, రెండు, మూడు అని మళ్ళీ మొదలుపెట్టి పోసింది. ఒక డబ్బా కలిసొచ్చింది. ఎంత చిన్నదైనా కలిసొచ్చినదాంట్లో ఒక రుచి ఉంటుంది. అతను సంచి నాగశ్రీ వైపు జరిపి, తిను అమ్మీ అన్నాడు. నాగశ్రీ సంచిలోకి చూసింది. పళ్ళు నల్లగా, నిగనిగలాడుతూ, వాన నీటితో తడిసి ఉన్నాయి. నాకొద్దు నాన్నా అంది. నేరేడుపళ్ళకి ప్రాణం పెట్టే పిల్ల. నాలుక ఊదారంగయ్యేదాకా తిని అద్దంలో చూసుకునే పిల్ల. ఎందుకొద్దు? ఒంట్లో బాగా లేదా, ఉపవాసమా, ఉపవాసమైతే ఎవరి కోసం? నువ్వు తింటే గాని నేనూ తిననన్నట్టు మన్మథరావు సంచి మూతి ముడేసి పక్కన పెట్టుకున్నాడు. తవిటమ్మ లాబం అన్నప్పుడు మాత్రం ఆ పిల్ల చటుక్కున తలెత్తింది, అది చూశాడు. చెయ్యి అడ్డం పెట్టినప్పుడు ఇంకోలా చూసింది. అదీ చూశాడు.

లాభం. మొదటి కొలతని ఒకటి అనకూడదు, లాభం అనాలి, శుభం జరుగుతుందని. అతను అక్షరాల కంటే ముందు నేర్చుకున్న మాట అది. కొట్లో ధాన్యం కొలిచినా, చోళ్ళు, అదే రాగులు, కొలిచినా, ఆదిశేషు కుంచం నింపి, చేత్తో మట్టం చేసి, కళ్ళు సగం మూసి లాభం అనేవాడు, అప్పుడు కొట్టంతా ఒక్క క్షణం నిశ్శబ్దంగా అయిపోయినట్టుండేది. నాగశ్రీకీ చిన్నప్పుడు బస్తాల మీద కూర్చోవడమంటే సరదా. బడిలో వేసిన కొత్తలో టీచరమ్మ బల్ల మీద గులకరాళ్ళు పోసి, లెక్కపెట్టమ్మా అని ఒడియాలో అడిగితే, ఇది బుర్ర పైకెత్తి, కొనడానికా, అమ్మడానికా అని అడిగిందంట. టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. సాయంత్రానికి బజారంతా తెలిసింది. మన్మథరావుకి ఆ రోజు కొట్లో నడుస్తుంటే కాళ్ళు నేలకి ఆనలేదు. సావుకారి పిల్లంటే అదీ, పుట్టుకతోనే వచ్చింది అన్నారంతా. ఆ కథ అతను ఇన్నేళ్ళుగా చుట్టాలొస్తే చెబుతున్నాడు, పెళ్ళిళ్ళలో చెబుతున్నాడు, పోయిన నెల బావమరిది వస్తే కూడా చెప్పాడు. చెప్పినప్పుడల్లా నాగశ్రీ లేచి లోపలికి వెళ్ళిపోతుంది. సిగ్గు అనుకునేవాడు. సిగ్గేనా? ఇన్ని బస్తాల అడుగు తడిమిన మనిషి, ఆ లేచి వెళ్ళిపోవడం అడుగున ఏముందో ఒక్కసారీ తడమలేదు. ఎందుకు తడమలేదంటే, ఆ కథ తనకి బాగుంది కాబట్టి.

తెరువలి దాటింది. వాన మొదలైంది, ఎవరో కిటికీ షట్టర్ దించారు, పెట్టెలో సగం చీకటి. ఆ చీకట్లో మన్మథరావుకి ఒక చెయ్యి కనిపించింది. పెద్దది కాదు, పచ్చబొట్టు ఉన్న సన్నటి ఆడమనిషి చెయ్యి. కుంతిది. కొండ మీది పల్లె నుంచి సంతరోజున చోళ్ళు తెచ్చేది కుంతి, వాళ్ళ కొట్టుకే తెచ్చేది, ఇంకెక్కడికీ పోయేది కాదు. ఆమెకి తెలుగు రాదు, ఆదిశేషుకి వాళ్ళ మాట కొంచెం వచ్చు. మిగతాది వేళ్ళతో సరిపోయేది. ఆదిశేషు కుంచం నింపి లాభం అనేవాడు. అప్పుడు కుంతి వేలు ముడిచేది కాదు. తర్వాత ఒకటి అంటే ఒక వేలు ముడిచేది, రెండు అంటే ఇంకో వేలు. అమ్మేటప్పుడు అదే ఆదిశేషు లాభం తర్వాత రెండు అనేవాడు. కొనేటప్పుడు ఒకటి; మొదటి కుంచం ఊరికే వచ్చేది. ఎప్పటి నుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు, అందరూ చేస్తారు, అందులో ఆలోచించడానికి ఏముంది? ఒక సంతరోజున బస్తా మీద కూర్చున్న, ఇంకా బడికి వెళ్ళని నాగశ్రీ కూడా వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది, ఆటకి. లాభం అన్నప్పుడే దాని బొటనవేలు ముడుచుకుంది. కొలత అయిపోయేసరికి దాని చేతిలో కుంతి చేతిలో కంటే ఒక వేలు ఎక్కువ ముడుచుకుని ఉంది. అది తన చెయ్యి కుంతి ముందు పెట్టి చూపించింది. కుంతి ఆ బుల్లి చేతిని చూసింది, తన చేతిని చూసుకుంది. ఆదిశేషు, పిల్లకి ఆకలేస్తున్నట్టుందిరా అని ఒక బెల్లంగడ్డ దాని నోట్లో కుక్కాడు. కుంతి ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వెళ్ళింది. పై సంతకి రాలేదు, ఆ పైదానికీ రాలేదు. కాపురం మార్చిందేమో అనుకున్నారు. మన్మథరావు అప్పుడు దారపు ఉండ పట్టుకుని బస్తా కుడుతున్నాడు. అన్నీ చూశాడు. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర నాగశ్రీ అడిగింది, నాన్నా, లాబం తరవాత ఒకటా రెండా అని. కొన్నప్పుడు ఒకటమ్మీ, అమ్మినప్పుడు రెండు అని చెప్పి అతను పకపకా నవ్వాడు. ఆదిశేషు కూడా నవ్వాడు. పిల్ల నవ్విందా? గుర్తు లేదు. గుర్తుంచుకోలేదు. కూతురికి వ్యాపారం నేర్పుతున్నాననుకున్నాడు.

సింగపూర్ రోడ్డులో రైలు ఆగి కదిలింది. వాన తగ్గింది, షట్టర్ మళ్ళీ లేపారు. ఇంక అట్టే దూరం లేదు.

"అమ్మీ."

"ఊఁ."

"మీ అమ్మతోటి ఇంకా సెప్పలేదన్నావు. ఏటది?"

నాగావళి వంతెన వచ్చింది, ఇనుప కమ్ములు దడదడమంటూ వెనక్కి పోతున్నాయి, కింద ఎర్రటి కొత్తనీరు. నాగశ్రీ చప్పుడు ఆగేదాకా ఆగింది.

"నాన్నా, కుంతి నీకు గుర్తుందా?"

"ఏ కుంతి?" అన్నాడు. అన్న వెంటనే తన గొంతులో తేడా తనకే తెలిసింది. ఎదుటివాడి గొంతులో అయితే ఎప్పుడో పట్టేసేవాడు.

"నీకు గుర్తుంది," అంది నాగశ్రీ. నిబ్బరంగానే అంది. "తాతని తప్పట్టడానికి కాదు నాన్నా. నాకప్పుడు నిజంగానే తెలీలేదు, లాబం తరవాత ఏటొస్తాదో. నువ్వు కొన్నప్పుడొకటి, అమ్మినప్పుడు రెండన్నావు. బళ్ళో అదే అడిగేను. అందరూ నవ్వేరు. నేను నవ్వించడానికి అడగలేదు."

"సిన్నపిల్లవప్పుడు."

"తరవాత లెక్కల్లో సూసేను. అక్కడ ఎవరు కొలిసినా ఒకటే వస్తాది. తాత కొలిసినా, కుంతి కొలిసినా. సార్ సెప్పేరని ఒప్పుకోనక్కర్లేదు, పుస్తకంలో ఉందని ఒప్పుకోనక్కర్లేదు. నేనే కూకుని తేల్సుకోవచ్చు. ఎవర్నీ అనుమానపడకుండా ఉండడానికి నాకదొక్కటే దొరికింది నాన్నా." పక్కనున్న పళ్ళ సంచి వైపు చూసింది. "ఇంట్లో కూడా అలాగ లేదు."

మన్మథరావు సంచి ముడి విప్పి మళ్ళీ ముడేశాడు. "మరి మందుల కొట్టు?" అన్నాడు. తను ఎవరికీ చెప్పలేదనుకున్న సంగతి అలా బయటపడిపోయింది.

"నాకు తెల్సు. అమ్మకీ తెల్సు. ఆ షట్టర్ కేసి ఎలా సూస్తావో సూడమేటి." ఆ పిల్ల సర్టిఫికెట్ల సంచి ఇంకా దగ్గరికి లాక్కుంది. "నీ పక్కన కూకోవాలని నాకూ ఉంది. కానీ అక్కడ కూకుంటే నేను కూడా కొన్నప్పుడొకటి అమ్మినప్పుడు రెండు అంటానేమోనని బయమేస్తంది. ఇదే నీకు సెప్పమంది అమ్మ. నువ్వు కోప్పడతావని సెప్పలేదు."

కోపం వచ్చింది. ఎందుకు రాదు, ఆ కొలతలతోనే కదా ఇల్లు లేచింది, నీ బడి, నీ ట్యూషన్, ఈ టికెట్టు, అన్నీ ఆ కుంచంలోంచి రాలేదా, అందరూ చేసేదే కదా, మా నాన్న దొంగా? ఇవన్నీ వరసగా నాలుక దాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఎందుకంటే ఆ పిల్ల తప్పని ఎక్కడా అనలేదు. లాభం తర్వాత ఏమిటి అని అడిగింది, అంతే, అప్పుడూ అంతే అడిగింది. నిబ్బరంగా ఉన్నవాళ్ళ వెనక ఎవరో ఉంటారని రైలెక్కిన దగ్గర్నుంచి వెతుకుతున్నాడు, మాస్టారిని వెతికాడు, సైకిలు కుర్రాణ్ణి వెతికాడు, పెళ్ళాన్ని కూడా వదల్లేదు. ఉన్నది తనే. చేతిలో దారపు ఉండ పట్టుకుని, అన్నీ చూసి, నవ్వినవాడు. ఇన్నాళ్ళూ ఊళ్ళో బస్తాలన్నిటిలో తను చెయ్యి పెడుతుంటే, ఎదురుగా కూర్చుని ఈ పిల్ల తనలో చెయ్యి పెట్టి చూసింది, అడుగున తడి తగిలింది, ఎవరికీ చెప్పకుండా చెయ్యి తుడుచుకుంది. మన్మథరావుకి సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగాక కూతురి ముందు సిగ్గుపడటం అదే మొదలు. ఆ సిగ్గు మధ్యలోనే, ఇది నా పిల్లే, నా అనుమానమే దీనికొచ్చింది, కానీ నాకు దాంతో చింతపండు కొనడమే తెలిసింది, దీనికి ఇంకేదో తెలిసింది, అని ఒక గర్వం కూడా తోసుకొచ్చింది. రెండూ ఒకేసారి పట్టేంత చోటు అతని ఛాతీలో లేదు.

రాయగడ స్టేషన్ వచ్చేస్తోంది. జనం లేచి సంచులు దించుకుంటున్నారు. తవిటమ్మ గంప నెత్తికెత్తుకోబోతోంది.

"తవిటమ్మా, ఆగు. ఆ డబ్బా ఇలాగియ్యి."

ఆమె ఇచ్చింది. మన్మథరావు నేరేడుపళ్ళ సంచి విప్పి, డబ్బా నిండా పళ్ళు ముంచి, పైన చేత్తో మట్టం చేసి, ఆమె గంపలో పోశాడు.

"ఏటి బాబూ, పుచ్చులున్నాయేటి?"

"లేవు. ఒక డబ్బా ఎక్కువొచ్చింది."

"అడిగి మరీ ఏయించుకున్నావు గదా."

"అందుకే."

తవిటమ్మ అతని మొహం వంక చూసింది. అతను పోసిన పళ్ళలోంచి ఒకటి తీసి, వేళ్ళ మధ్య తిప్పి చూసి, వాసన చూసి, ఇందులో ఏదో మెలిక ఉందన్నట్టు ఇంకోసారి అతని వంక చూసి, గంపెత్తుకుని గబగబా దిగి జనంలో కలిసిపోయింది. నాగశ్రీ చెయ్యి చాపి సంచిలోంచి ఒక పండు తీసుకుంది. గౌనుకి తుడిచే చిన్నప్పటి అలవాటు, ఇప్పుడు చున్నీకి తుడిచింది. తిని, గింజ కిటికీలోంచి ఊసేసింది. మన్మథరావు అది చూశాక గాని సీట్లోంచి లేవలేదు.

ప్లాట్‌ఫారం మీద వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఇద్దరూ వాటిని తప్పించుకుంటూ నడిచారు. ఆ షట్టర్ ఖాళీగానే ఉంటుంది ఇంకొన్నాళ్ళు. ఉండనీ. ఈ పిల్ల ఎక్కడ ఆగుతుందో తెలియదు. భయం పోలేదు, ఉన్నచోటే ఉంది.

"కౌంటర్లో నేను సెప్తాలే," అన్నాడు మన్మథరావు, కూతురి వైపు చూడకుండా. "లెక్కలని."

"సెప్పు నాన్నా," అంది నాగశ్రీ. "నేనూ నీ పక్కనే నిలబడతాను."

అంటే నమ్మలేదన్న మాట. తన చెవులతో వినేదాకా నమ్మదు. ఆమె చోట తనున్నా అంతే చేసేవాడు.

"పద," అన్నాడు.